లావుమి

మిరోఫోరాకి ఈ ప్రయాణం బొత్తిగా ఇష్టం లేదు. లిమసోల్‌లో వాళ్ల గ్రీకు చర్చి ఆడవాళ్లు ఏటా ఒక బస్సు మాట్లాడుకుని, ద్వీపాన్ని రెండుగా కోసిన సరిహద్దు దాటి, తురకల చేతిలో ఉన్న ఉత్తరానికి వెళ్లొస్తారు. పొద్దున సలామిస్ శిథిలాలు, దారిలో నాలుగు పాత ఊళ్లు, మధ్యాహ్నం బర్నబాసు మఠంలో కొవ్వొత్తులు, చీకటి పడేలోగా ఇల్లు. పుట్టిన గడ్డ మీద కాలు పెట్టడానికి కాగితం చూపించి, తలకి టోపీ, చేతిలో నీళ్లసీసాతో యాత్రికుల్లా దిగడమేమిటని ఆమె మంట. సరిహద్దు దారులు తెరిచిన ఏడాది ఒక్కసారి వెళ్లింది. మళ్లీ ఆ దిక్కు చూడలేదు.

ఈసారి తల్లి పంపింది. అన్నెజూ మంచం పట్టి నెలలవుతోంది. కబురు చెయ్యవలసినవాళ్లకి కబురు చేసుకోండని డాక్టరు చెప్పి వెళ్లాక ముసలామె కళ్లు తెరిచి, "అయితే ముందు జీనోకి చెప్పండి" అంది. జీనో అన్నెజూ పెద్దకొడుకు. డెబ్భై నాలుగు ఆగస్టులో తురక సైన్యం వస్తోందని ఊరంతా దొరికిన బండి ఎక్కి పారిపోతుంటే, కట్టేసిన ఆవుల్ని విప్పేసి వస్తానని పొలానికి వెళ్లినవాడు ఇంతవరకూ రాలేదు. అలా పోయినవాళ్ల ఎముకల్ని అక్కడక్కడా తవ్వి తీసి, ఎవరివో తేల్చి, చిన్న పెట్టెల్లో పెట్టి ఇళ్లకి పంపుతున్నారు. వీధిలో అందరిళ్లకీ పెట్టెలు వచ్చాయి. అన్నెజూ ప్రతి పెట్టె వెంటా స్మశానానికి నడిచింది, తన వంతు రాలేదని ఏడ్చింది.

"మఠంలో వాడి పేరున కొవ్వొత్తి వెలిగించు. నాకు చెప్పకుండా నన్ను పంపెయ్యొద్దని ఆ దేవుడితో గట్టిగా చెప్పు" అంది కూతురితో. మనిషిలో సగం ప్రాణం లేదు, గొంతులో అధికారం మాత్రం తగ్గలేదు.

తల్లికి చెప్పని సంగతి మిరోఫోరా గుండెల్లో ఒకటుంది. జీనో ఎక్కడున్నాడో ఆమెకి తెలుసు. తెలుసుననే ఇన్నాళ్లూ అనుకుంటోంది.

దారులు తెరిచినప్పుడు ఆమె తిన్నగా తన పుట్టిన ఊరు కలోపెత్ర వెళ్లి కాషిఫ్ ఇంటి ముందు దిగింది. కాషిఫ్ వాళ్ల పొలానికి పక్క పొలం వాడు, తురక కుటుంబం, చిన్నప్పుడు ఆమెని భుజాన ఎక్కించుకుని తిప్పినవాడు. జీనోని చివరిసారి చూసినవాడు అతనేనని ఊళ్లో అనేవారు. అతని భాషలోనే అడిగితే అతని మనసు కరుగుతుందని మిరోఫోరా అంతకు ముందే రెండు చలికాలాలు సాయంకాలపు తరగతులకి వెళ్లి ఇస్తాంబుల్ నుంచి వచ్చిన పంతులమ్మ దగ్గర తురకభాష నేర్చుకుంది. కాఫీ కప్పు చేతిలో పెట్టారు. "మా అన్న ఎక్కడ?" అని తప్పుల్లేకుండా అడిగింది. కాషిఫ్ నేల చూస్తూ, "లావుమ్‌లో ఉన్నాడమ్మాయ్" అన్నాడు.

పంతులమ్మ పుస్తకంలో ఆ మాటకి ఒకే అర్థం ఉంది. మురుగు కాలువ.

వేడి వేడి కాఫీ అతని కాళ్ల మీద ఒంపేసి, మొహాన ఉమ్మేసి వచ్చేసింది మిరోఫోరా. తవ్వేవాళ్లకి మటుకు బడి వెనక పాత మురుగుగుంట ఉంది, అక్కడ చూడండని చెప్పింది. చూశారు. మేకల ఎముకలు తప్ప ఏమీ దొరకలేదు. నీ కొడుకుని మురుగులో పారేశారమ్మా అని తల్లితో ఎలా అంటుంది? ఎవరికీ తెలియదట అంది. ఆ అబద్ధాన్ని దిగమింగుకుని ఇన్నేళ్లూ బతికింది.

బస్సులో పక్క సీటు ఫ్రోసూది. చిన్ననాటి స్నేహితురాలు, నోటికి తాళం లేని మనిషి. ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం ముద్దలు డబ్బా నిండా తెచ్చి దారి పొడుగునా అందరికీ పంచింది.

"తినవే. మొహం అలా పెట్టుకుంటే సరిహద్దు దగ్గర నిన్ను దొంగసరుకు అనుకుంటారు."

"ఆకలి లేదు."

"అమ్మకి ఏమీ కాదు. మొన్న నన్ను చూసి నడుం పెరిగిందే అంది. అలాంటి మనిషి ఇప్పుడప్పుడే పోదు."

మిరోఫోరా ఫోను చూసుకుంది. ఇంట్లో తల్లిని చూసుకునే శ్రీలంక అమ్మాయి దగ్గర్నుంచి మెసేజి ఉంది. అమ్మ ఏమీ తినలేదు, మీరు త్వరగా రండి. అప్పటికే బస్సు సలామిస్ చేరి పోతపోసిన ఎండలో ఆగింది.

గైడు నెవ్జాత్ ఆ ప్రాంతపు తురక కుర్రాడు. గ్రీకు గడగడా మాట్లాడతాడు. తలలు విరిగిన పాలరాతి బొమ్మల ముందు నిలబడి ఏదో చెప్పబోతే ఫ్రోసూ అడ్డుపడి, "తలలేని మగాళ్లు! మా ఆయన కంటే నయం, ఎదురు చెప్పరు" అంది. అందరూ విరగబడి నవ్వారు. మిరోఫోరా స్తంభం నీడలో నిలబడి ఫోను వంకే చూస్తోంది.

తరవాత పాతకాలపు మరుగుదొడ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. అర్ధచంద్రాకారంగా రాతిపీటలు, మధ్యలో అడ్డుగోడ అంటూ లేదు.

"పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లు" అన్నాడు నెవ్జాత్.

"మరి అదంతా ఎక్కడికి పోయేది బాబూ?" అంది ఫ్రోసూ.

"కిందనించి లావుమ్‌లోకి, పిన్నిగారూ."

ఆ మాట చెవిన పడగానే మిరోఫోరా గుంపుని వదిలి గోడల అవతలికి వచ్చింది. ఎండిపోయిన గడ్డి, దూరంగా కొండలు. కొండల వైపునుంచి పొలాల మీదుగా మట్టిదిబ్బలు ఒకే వరసలో వస్తున్నాయి, ఒక్కోదాని నడుమ గుంట. కాసేపటికి గుంపు కూడా అటే వచ్చింది.

"అదిగో, ఆ వరస చూశారా" అన్నాడు నెవ్జాత్. "మా తాతలు తవ్వుకున్న లావుమ్ అది."

మిరోఫోరాకి ఎక్కడలేని కోపం వచ్చింది. "మురుగు పారించడానికి అంత దూరం తవ్వారా? సిగ్గులేకపోతే సరి!"

నెవ్జాత్ పకపకా నవ్వాడు. "మురుగేమిటి పిన్నీ! మంచినీళ్లు. కొండ దగ్గర ఒక బావి, దాని దిగువన ఇంకోటి, లోపల ఒకదాన్నించి ఒకదానికి సొరంగం. నీళ్లు వాటంతటవే ఊళ్లోకి వచ్చేవి. ఇస్తాంబుల్ వాళ్ల నోట లావుమ్ అంటే మురుగే. మా ముసలాళ్ల నోట మాత్రం ఇదే. మీరూ ఇదే అంటారుగా, చివర ఇకారం తగిలించి. లావుమి."

లావుమి. వాళ్ల నాన్న రోజుకి పదిసార్లు అన్న మాట. ఇవాళ లావుమి మనది, రేపు కాషిఫ్‌ది. పార పట్టుకుని పద, లావుమి నీళ్లు వచ్చేస్తున్నాయి. లావుమి బావి దగ్గరికి పోయావంటే కాళ్లు విరగ్గొడతాను. తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఆ మాటలోనే పెరిగింది, ఆ నీళ్లే తాగింది. కాషిఫ్‌ని తన ఊరి గ్రీకులో అడిగి ఉంటే అతను లావుమి అనేవాడు. ఆమె మర్యాదకి అతని భాషలో అడిగింది, అతను మర్యాదకి అదే భాషలో జవాబిచ్చాడు. మిరోఫోరా విరిగిన స్తంభం పక్కన మట్టిలో కూలబడింది.

"అయ్యో, ఎండదెబ్బ!" అని ఫ్రోసూ సీసాడు నీళ్లు నెత్తిన గుమ్మరించింది.

"ఎండా లేదు, దెబ్బా లేదు. నేను కలోపెత్ర వెళ్లాలి. ఇప్పుడే వెళ్లాలి."

"బస్సు మఠానికి వెళ్తోందే. సాయంత్రం అక్కణ్నించి తిన్నగా ఇంటికే. నీ ఒక్కదాని కోసం ఆపుతారా?"

"ఆపకపోతే పోనీ. నడిచొస్తాను."

"ముప్పై మైళ్లా? ఆ చెప్పులతోనా?"

మిరోఫోరా నెవ్జాత్ చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. ఏం చెప్పిందో ఆమెకే తెలియదు, మాటలు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ వచ్చాయి. కుర్రాడి మొహంలో నవ్వు ఆరిపోయింది. టాక్సీ నడిపే తన మేనమామకి ఫోన్ చేశాడు. ఆ మేనమామ దారిలో ఒక్క ప్రశ్న అడగకుండా బండిని పరిగెత్తించాడు, అదే మేలు.

ఊరి మొదట్లో బోర్డు మీద కొత్త పేరుంది. చర్చి గంట లేదు. కాషిఫ్ ఇల్లు మాత్రం అక్కడే ఉంది. వాకిట్లో నల్లటి గుడ్డ తలకి చుట్టుకుని అతని భార్య జెమలియే బెండకాయలు ఎండబెడుతోంది. మిరోఫోరాని చూసి లేవలేదు.

"అన్నెజూ కూతురివి కదూ" అంది గ్రీకులో. "కూర్చోమనను. కూర్చుంటే ఏం చేస్తావో ఒకసారి చూశాను."

"కాషిఫ్ మామ ఎక్కడ?"

"మట్టిలో. నాలుగేళ్లయింది. ఉమ్మడానికి వచ్చావా, గోరీ చూపిస్తాను."

మిరోఫోరా వాకిట్లోనే మోకాళ్ల మీద పడింది. వయసు మళ్లిన ఆడది అలా పడితే చూడ్డానికి బాగుండదు, వీధిలో పిల్లలు ఆగి చూశారు. "అత్తా, నేను మురుగు అనుకున్నాను" అంది. "ఆయన లావుమ్ అంటే నేను మురుగు అనుకున్నాను."

జెమలియేకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో బెండకాయ జారిపోయింది.

"మురుగా? జీనోనా? మా పెద్దాడి సున్తీకి రాత్రంతా వయొలిన్ వాయించిన పిల్లాణ్ని, ఆయన మురుగులో పడేస్తాడా?" నెత్తి బాదుకుంది. "ఓసి దరిద్రపుదానా! తనేం తప్పు మాట అన్నాడో చెప్పమని చచ్చేదాకా నన్ను అడిగాడే ఆయన. పిల్ల అంత అందంగా మన భాష మాట్లాడింది, నేనేం పాడుమాట అన్నానే జెమలియే అని. నాకేం తెలుసు? నేనేం చెప్పను?"

ఇద్దరూ ఏడ్చారు. ఒకరి మీద ఒకరికి కోపం పోక, ఒకరిని ఒకరు వదల్లేక, పెద్దగా ఏడ్చారు. కాసేపటికి జెమలియే ముక్కు చీది జరిగింది చెప్పింది. జీనోని ఆవుల పాక దగ్గర ఎవరు కాల్చారో తెలియదు. కాషిఫ్‌కి కనిపించేసరికి ఎండకి ఒళ్లు ఉబ్బింది, కుక్కలు తిరుగుతున్నాయి. సైన్యం ఊళ్లో ఉంది, గ్రీకువాడికి గొయ్యి తవ్వుతూ కనిపిస్తే ఆ గోతిలో ఇద్దరు పడుకోవాలి. అందుకని దుప్పట్లో చుట్టి, తాడు కట్టి, నెమ్మదిగా లావుమిలోకి దించాడు. ఆ వేసవి అందులో నీళ్లు లేవు. పైన బండ మూశాడు.

"ఏ బావిలో అత్తా? అవి బోలెడు కదా!"

"పంపకాల బావిలోనే. మీ నాన్నా ఈయనా నీళ్లు పంచుకున్న బావిలో. ఇంకెక్కడ పెడతాడు?"

మిరోఫోరా లేచి నిలబడింది. ప్రాణం లేచొచ్చింది. తవ్వేవాళ్లకి ఇవాళే చెబుతుంది, వారంలో తీస్తారు, అమ్మ ఉండగానే పెట్టె ఇంటికొస్తుంది. దారి కూడా ఆమెకి గుర్తుంది. చర్చి వెనకనుంచి, కల్లం పక్కనుంచి, దిగువకి. "పద అత్తా, చూపించు" అని ముసలామె చెయ్యి పట్టుకుని లాగింది.

జెమలియే కదల్లేదు. "అమ్మాయ్, నువ్వు ముందు మంచినీళ్లు తాగు."

"వచ్చి తాగుతాను."

"తాగి వెళ్లు."

మిరోఫోరా తాగకుండానే పరిగెత్తింది. జెమలియే కుంటుకుంటూ వెనకే వచ్చింది, వస్తూ వస్తూ మిగతా సగం చెప్పింది. ఆ పొలాలన్నీ ఎవరో కొన్నారు. ఎవరి దగ్గర కొన్నారో అడగకు, అసలు కాగితాలు మీ అమ్మ మంచం కింద ఉంటాయి. కంట్రాక్టరు యంత్రాలు తెచ్చినప్పుడు కాషిఫ్ ఆ బావి ముందు కుర్చీ వేసుక్కూర్చున్నాడు. ఇందులో మనిషున్నాడు అన్నాడు. ఎవరి మనిషి, వాళ్లని రమ్మను అన్నారు. అతనికి మిరోఫోరా అత్తింటి పేరు తెలియదు. కలోపెత్ర అన్నెజూ కూతురు అంటే చాలనుకుని, వారం రోజులు సరిహద్దు దగ్గర నిలబడి దాటి వచ్చే ప్రతి బస్సునీ అడిగాడు. ఆ బస్సుల్లో మిరోఫోరా లేదు, ఆమెని ఎరిగినవాళ్లూ లేరు. ఆ దిక్కు చూడనని ఒట్టు పెట్టుకుంది కదా మరి, మహా పౌరుషం గలది.

"చివరికి కుర్చీతో సహా ఎత్తి పక్కన పెట్టారు" అంది జెమలియే.

కల్లం దిగువన తెల్లటి మేడలు వరసగా ఉన్నాయి, ఎర్రపెంకులు, కాగితప్పూల తీగలు. జెమలియే మూడో మేడ ముందు ఆగి వెనక పెరటి వైపు వేలు చూపించింది. నీలం పలకలు పరిచిన ఈతకొలను, అంచుల దాకా నీళ్లు. పక్కన గొడుగు కింద ఒక ఇంగ్లీషు ముసలమ్మ పుస్తకం చదువుకుంటోంది. ఇద్దరు ఆడవాళ్లు గేటు తోసుకుని వస్తుంటే కళ్లజోడు తీసి, పాపం, మర్యాదగా లేచి నిలబడింది.

"ఇక్కడేనా?" అంది మిరోఫోరా.

"ఈ మూల. ఆ మెట్ల కింద. బావిని రాళ్లతో నింపి పైన సిమెంటు పోశారు. ఆయన చూశాడు, నేనూ చూశాను."

మిరోఫోరా కొలను అంచున కూర్చుని పలకల్ని అరచేత్తో కొట్టింది. తరవాత పిడికిలితో కొట్టింది. చప్పుడు కూడా రాలేదు. ఇంగ్లీషావిడ కంగారు పడి దగ్గరికొచ్చి, "ఏమైనా పారేసుకున్నారా?" అని అడిగింది.

"మా అన్నని" అంది మిరోఫోరా ఇంగ్లీషులో.

"పిల్లాడా? నీళ్లలో పడ్డాడా?" ఆవిడ హడలిపోయి కొలనులోకి తొంగిచూసింది. నీళ్లు అడుగుదాకా తేటగా ఉన్నాయి.

అప్పుడే ఫోన్ మోగింది. శ్రీలంక అమ్మాయి ఏడుస్తోంది. "మేడమ్, డాక్టరుగారు వచ్చారు. అమ్మకి ఊపిరి అందడం లేదు. మీతో మాట్లాడతానంటోంది, చెవి దగ్గర పెడుతున్నాను."

ఊపిరి చప్పుడు వినిపించింది, గతుకుల దారిన బండి లాగుతున్నట్టు.

"కొవ్వొత్తి పెట్టావా?" అంది అన్నెజూ.

"అమ్మా, జీనో కనిపించాడు."

అవతల ఊపిరి ఆగింది. ప్రాణమే పోయిందనుకుంది మిరోఫోరా. మళ్లీ మొదలైంది.

"ఎక్కడ?"

"లావుమిలో. మన పంపకాల బావిలో. కాషిఫ్ మామ దుప్పట్లో చుట్టి దించాడట. కుక్కలు ముట్టుకోకుండా."

"కాషిఫ్ చేతులే కదా?"

"ఆయన చేతులే."

"అయితే మంచిది" అంది ముసలామె. డాక్టరు ఏదో మాట్లాడుతున్నాడు, ఆ అమ్మాయి ముక్కు ఎగబీలుస్తోంది. "బావి దగ్గరే ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నానమ్మా."

"అందులో నీళ్లున్నాయా ఇప్పుడు?"

మిరోఫోరా కొలను వంక చూసింది.

"ఉన్నాయమ్మా. నిండుగా ఉన్నాయి."

"తోడించు" అంది అన్నెజూ. "తోడించి వాణ్ని తీసుకురా. నేను ఉంటాను. నువ్వు వచ్చేదాకా ఎక్కడికీ పోను. వింటున్నావా?"

"వింటున్నానమ్మా. తెస్తాను."

ఫోను ఆ అమ్మాయి తీసేసుకుంది. మఠం దగ్గర బస్సు బయల్దేరే వేళయింది. గేటు బయట టాక్సీ మేనమామ రెండుసార్లు హారన్ కొట్టాడు. జెమలియే వెనకనుంచి భుజం పట్టుకుని, "లే అమ్మాయ్. లే నా తల్లీ, అమ్మ దగ్గరికి పో. ఇది మనవల్ల అయ్యేది కాదు" అని లేవదియ్యబోయింది.

మిరోఫోరా ఆ చెయ్యి విడిపించుకుని, పెద్దింటి మర్యాదతో, ఇంగ్లీషావిడని ఒక బకెట్టు ఇప్పించమని అడిగింది. ఆవిడ మొహం కడుక్కోవడానికి కాబోలనుకుని లోపలికి పరిగెత్తి ప్లాస్టిక్ బకెట్టూ, మడత పెట్టిన తువ్వాలూ తెచ్చి ఇచ్చింది. మిరోఫోరా తువ్వాలు పక్కన పెట్టి, మెట్ల మూల వంగి, బకెట్టు ముంచి, నీళ్లు పువ్వుల తీగల అవతల ఎండగడ్డిలో పోసి వచ్చింది. మళ్లీ ముంచింది.